చర్చ: అట్లాంటిక్‌కి అరవై ఏళ్లకోసారి వచ్చిపోయే జ్వరం నిజమేనా?

టాంపా_బాబాయ్:
మొన్న ఇంటి ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితం వచ్చింది. అంకె చూసి కాసేపు కుర్చీలోనే కూలబడ్డాను. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాన్ అసలు మా మీదకి, అంటే ఫ్లోరిడాలో మా టాంపా మీదకి, రానేలేదు, వంద మైళ్లకు పైగా దూరంలో సముద్రం మీద నుంచే పైకి పోయింది, అయినా ఉప్పెన నీళ్లు గరాజ్‌లోకి మోకాలి లోతు వచ్చాయి. ఆ మరక గోడ మీద ఇంకా ఉంది. దాని పక్కనే మా మనవడు పెన్సిల్‌తో తన ఎత్తు గీసుకుని "నీళ్ల కన్నా నేనే పొడుగు తాతా" అన్నాడు. రెండు వారాలు తిరక్కుండా మిల్టన్ తుఫాన్. సరే, అది వేరే కథ.

ఇక్కడే పుట్టి పెరిగిన పక్కింటాయనకి డెబ్భై దాటాయి. ఆయన మాట ఏంటంటే, కంగారు పడకు, అట్లాంటిక్ అరవై డెబ్భై ఏళ్లకోసారి వేడెక్కుతుంది, చల్లబడుతుంది, 1995లో వేడి దశ మొదలైంది, త్వరలో చల్లటి దశ వస్తుంది, తుఫాన్లూ తగ్గుతాయి ప్రీమియమూ తగ్గుతుంది అని. మొదట నవ్వుకున్నాను కానీ వెతికి చూస్తే ఆయన చెప్పింది ఉత్త కబురేం కాదు. దాన్ని అట్లాంటిక్ మల్టీడెకేడల్ ఆసిలేషన్ అంటారు, పొట్టిగా ఏఎంఓ. 1994లో ష్లెసింజర్, రామన్‌కుట్టి అనే ఇద్దరు ఉష్ణోగ్రతల రికార్డులో 65–70 ఏళ్ల ఊపు ఉందని చూపించారు. 1971 నుంచి 94 దాకా పెద్ద తుఫాన్లు తక్కువ, 95 నుంచి ఎక్కువ, ఈ జోరు ఇంకో 10 నుంచి 40 ఏళ్లు ఉండొచ్చని 2001లో గోల్డెన్‌బర్గ్ బృందం రాసింది. అంటే 2041 లోపు ఎప్పుడో ఒకప్పుడు తగ్గాలిగా?

నా వాదన ఇదీ: ఇది ప్రకృతి సహజమైన చక్రం, మనిషి పుట్టకముందూ ఉంది, మన తర్వాతా ఉంటుంది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి. లింకులు విసిరి పోవద్దు, మీ మాటల్లో చెప్పండి.

ప్రభవ_విభవ:
అరవై ఏళ్లు! ఈ అంకె వినగానే మన తెలుగువాడికి వెలగాలి కదండీ. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాలు, గురువుకి పన్నెండేళ్లు, శనికి ముప్ఫై ఏళ్లు, రెండూ కలిసి మొదటికి రావడానికి అరవై. మన పెద్దలు ఊరికే పెట్టలేదు. వాళ్లు 1994లో కనుక్కున్నారు, మనం ఎప్పుడో ఉగాదికి విని వదిలేశాం.

లెక్కల_మాస్టారు:
ప్రభవ గారూ, పంచాంగం మీద నాకూ గౌరవం ఉంది, మా ఇంట్లోనూ ఉగాది పచ్చడి తిన్నాకే పేపరు చదువుతాం. కానీ మీ లెక్కని మీ లెక్కతోనే చూద్దాం. 2024 క్రోధి. దానికి ముందు క్రోధి 1964, అంతకు ముందు 1904. చక్రం అరవై ఏళ్లదైతే మూడు క్రోధి సంవత్సరాల్లో అట్లాంటిక్ ఒకే తీరుగా ఉండాలి. 1904 చల్లటి దశ మధ్యలో ఉంది. 1964 వేడి దశ అయిపోయి చల్లబడటం మొదలైన సమయం. 2024 రికార్డు స్థాయి వేడి. మూడు క్రోధులు, మూడు ముఖాలు.

ఇక బాబాయ్ గారి చక్రానికొస్తే, సముద్రం నీళ్ల వేడి కాస్త నమ్మదగ్గట్టు రాసిపెట్టడం మొదలైంది 1850ల నుంచి. అంటే 170 ఏళ్లు. ఊపు 65 ఏళ్లదైతే మనం చూసింది రెండున్నర ఊపులు. ఊయల రెండుసార్లు ఇటూ అటూ వెళ్లడం చూసి, మూడోసారి కూడా ఇంతే సేపు పడుతుందని రాసిస్తారా? పైగా ఊయలని ఎవరో తోస్తున్నారా, తాడే ఊపుతోందా అన్నది కూడా తెలియకుండా. నాకు ఇక్కడ చక్రం కనపడటం లేదండీ. ఎత్తుపల్లాలు కనపడుతున్నాయి, అంతే.

ఉప్పునీరు:
మాస్టారూ, రెండున్నర ఊపుల మాట ఒప్పుకుంటాను, కానీ తోసేది ఎవరో బొత్తిగా తెలియదు అంటే మాత్రం ఒప్పుకోను. నేను సముద్రాల మీదే చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అట్లాంటిక్‌లో పైపొర నీళ్లు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతాయి, దారిలో ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది, గ్రీన్‌లాండ్ చుట్టుపక్కల, నార్వే సముద్రంలో చలిగాలి తగిలి చల్లబడతాయి. ఉప్పగా ఉండి చల్లబడిన నీళ్లు బరువెక్కి కిందకి దిగిపోతాయి, లోతుల్లోంచి మళ్లీ దక్షిణానికి వస్తాయి. 2004 నుంచి 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర సముద్రానికి అడ్డంగా పరికరాలు దింపి దీన్ని కొలుస్తున్నారు. సగటున సెకనుకి సుమారు 1 కోటి 70 లక్షల ఘనపు మీటర్లు. మన భాషలో చెప్పాలంటే 60 కోట్ల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి వచ్చిన వరద 35 లక్షల క్యూసెక్కులు, ఊళ్లకి ఊళ్లు మునిగాయి, మా అమ్మమ్మ ఇప్పటికీ కాలాన్ని ఆ వరదకి ముందు, తర్వాత అనే లెక్కపెడుతుంది. అలాంటి గోదావరులు ఒక నూట డెబ్భై, ఏడాది పొడుగునా ఆగకుండా, వేడిని మోసుకుని ఉత్తరానికి పోతున్నాయనుకోండి.

ఇంత పెద్ద యంత్రం గేరు మారాలంటే నెలలు చాలవు, దశాబ్దాలు పడుతుంది. 1960ల చివర్లో ఆర్కిటిక్ నుంచి మంచు, మంచినీళ్లు మామూలు కన్నా బాగా ఎక్కువగా దిగివచ్చాయి. ఉప్పు పలచబడింది, పైనీళ్లు తేలికయ్యాయి, కిందకి దిగడం మందగించింది. ఆ ఉప్పు తగ్గిన నీటి ముద్ద గ్రీన్‌లాండ్, లాబ్రడార్, మళ్లీ నార్వే వైపు చుట్టుకుని తిరగడానికి 1968 నుంచి 1982 దాకా పట్టింది. దాన్నే గ్రేట్ సెలినిటీ అనామలీ అంటారు. ఉత్తర అట్లాంటిక్ చల్లబడింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా 2005లో బ్రిటన్‌ వాళ్లు కంప్యూటర్‌ మోడల్‌ని 1400 ఏళ్ల పాటు నడిపారు, పొగ లేదు, అగ్నిపర్వతాలు లేవు, సూర్యుడిలో మార్పు లేదు. అయినా 70 నుంచి 120 ఏళ్ల ఊపులు దానంతట అవే వచ్చాయి. తోసేవాడు లేకుండా సముద్రం తనంతట తనే ఊగగలదని నేననేది ఇందుకే.

ఇంజిన్‌రూమ్:
మాది వైజాగ్. షిప్పుల్లో ఇరవై రెండేళ్లు, ప్రస్తుతం సెకండ్ ఇంజినీర్‌ని. మీరంతా ఆ ఉష్ణోగ్రతల మీద ఇన్ని మేడలు కడుతున్నారు కదా, ఆ అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయో ఎవరూ అడగలేదు.

పూర్వం ఓడ మీంచి తాడు కట్టిన బకెట్ సముద్రంలోకి వదిలి పైకి లాగేవాళ్లు. కాన్వాస్ బకెట్. డెక్ మీదకి చేరి థర్మామీటర్ ముంచేలోపు గాలికి తడి ఆరి నీళ్లు చల్లబడేవి, మన కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. కాబట్టి అంకె అసలు కన్నా తక్కువ. తర్వాత ఇంజిన్‌ని చల్లార్చడానికి లోపలికి తీసుకునే నీళ్ల దగ్గర కొలవడం వచ్చింది. అక్కడ ఇంజిన్‌రూమ్ వేడి తగిలి అంకె కాస్త ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట డెక్ మీద దీపం వెలిగిస్తే శత్రువుకి కనపడతాం అని బకెట్లు తగ్గాయి. యుద్ధం అయ్యాక మళ్లీ బ్రిటిష్ ఓడల బకెట్ లెక్కలు పెరిగాయి. ఫలితం, 1945లో ప్రపంచ సముద్రాలన్నీ ఒక్కసారిగా 0.3 డిగ్రీలు చల్లబడ్డట్టు రికార్డులో కనిపించింది. అది సముద్రం కాదు, బకెట్ అని 2008లో తేల్చారు. ఏఎంఓ మొత్తం ఊపు ఎంత? కింద నుంచి పైకి సుమారు 0.4 డిగ్రీలు.

ఇంకోటి చెప్తా, నవ్వకండి. నేను ఫోర్త్ ఇంజినీర్‌గా చేరిన మొదటి ఓడలో లాగ్‌బుక్‌లో ప్రతి వాచ్‌కీ, అంటే ప్రతి డ్యూటీకీ, సముద్రపు నీటి ఉష్ణోగ్రత రాయాలి. గేజ్ ఉన్నది కింద అడుగున, పంపు వెనకాల, వంగి టార్చి వేస్తే తప్ప కనపడదు. నాకు ముందు వాచ్ చేసినాయన వరసగా పదకొండు రోజులు 27 అని రాశాడు. మేము ఆ పదకొండు రోజుల్లో సింగపూర్ నుంచి బయలుదేరి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ వైపు సగం దారి వచ్చాం. నేనూ మొదటి మూడు రోజులు 27 అనే రాశాను.

నిజం_చెప్తా:
అదీ సంగతి. లెక్కలన్నీ దొంగవేనని లోపలివాళ్లే ఒప్పుకుంటున్నారు. గ్లోబల్ వార్మింగూ లేదు, ఏఎంఓ లేదు, అంతా ఫండ్స్ కోసం.

ఇంజిన్‌రూమ్:
నా మాటని అటు తిప్పకండి సార్. నా దొంగ 27 ఒక్కటే అయితే పట్టుకోవడం కష్టం, కానీ అదే రోజు అదే నీళ్ల మీద ఇంకో ఓడ ఉంటుంది, నీళ్ల మీద తేలుతూ కొలిచే బోయ్ పరికరం ఉంటుంది, 1980ల నుంచి పైన శాటిలైట్ ఉంది. అన్నిటినీ పోల్చి సరిచేస్తారు, 1945 తప్పు బయటపడింది అలా పోల్చడం వల్లే. అంకెలు దొంగవి అనడం లేదు, పాతవాటిలో పదో వంతు డిగ్రీల కోసం పందెం కాయొద్దు అంటున్నా.

లెక్కల_మాస్టారు:
ఇంజిన్‌రూమ్ గారి 27 మా ట్యూషన్ పిల్లలకి రేపే చెప్తాను.

ఉప్పునీరు గారికి ఒక చిన్న ప్రయోగం. కిందటి వేసవిలో మా అమ్మాయికి సెలవుల్లో ఏదో ఒక పని చెప్పాలి కదా అని రూపాయి బిళ్ల ఇచ్చి మూడొందల సార్లు ఎగరెయ్యమన్నాను. బొమ్మ పడితే ఒకటి కలుపు, బొరుసు పడితే ఒకటి తీసెయ్యి, అలా వచ్చిన మొత్తాన్ని గ్రాఫ్ షీట్ మీద గీస్తూ పో. మధ్యాహ్నానికి షీటు నిండింది. అది వంటింటి తలుపుకి అంటించి, వచ్చినవాళ్లందరినీ ఇదేంటో చెప్పమన్నాం. కింది వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి చూసి ఇది షేర్ మార్కెట్, ఇక్కడ కొనాలి ఇక్కడ అమ్మాలి అని పెన్నుతో గీసి చూపించారు. ఇంకొకాయన మూడు చక్రాలు ఉన్నాయన్నారు. బిళ్లకి జ్ఞాపకం లేదు, కానీ మొత్తానికి ఉంది. నిన్నటి మొత్తం మీద ఇవాళ్టిది పడుతుంది కాబట్టి గీత కొంతకాలం పైనే ఉంటుంది, కొంతకాలం కిందే ఉంటుంది.

సముద్రం అచ్చంగా అలాంటిదే. రోజువారీ గాలివానలు బిళ్లలు, సముద్రం వాటి మొత్తాన్ని దాచుకునే ఖాతా. ఇది నేను కనిపెట్టింది కాదు, 1976లో క్లౌస్ హాసెల్‌మాన్ రాశారు, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. 2015లో మయామి నుంచి ఎయిమీ క్లెమెంట్ బృందం ఇంకో అడుగు వేసింది. మోడల్‌లో సముద్ర ప్రవాహాలే లేకుండా, కదలని నీటిపొరగా పెట్టి నడిపితే కూడా ఏఎంఓ లాంటి ఆకారమే వచ్చింది. మీ నూట డెబ్భై గోదావరుల్ని కట్టేసినా బొమ్మ మారలేదమ్మా. మరి వాటి పాత్ర ఏంటి?

ఉప్పునీరు:
మంచి దెబ్బే కొట్టారు మాస్టారూ, మా ల్యాబ్‌లోనూ ఆ పేపరు మీద టీ చల్లారిపోయేదాకా కొట్టుకున్నాం. కానీ బొమ్మ ఒకేలా ఉంటే కారణం ఒకటే అవ్వాలని లేదు. జ్వరం మలేరియాకీ వస్తుంది, టైఫాయిడ్‌కీ వస్తుంది. తేడా తెలియాలంటే రక్తం చూడాలి. ఇక్కడ రక్తపరీక్ష ఏంటంటే, వేడి ఎటు నుంచి ఎటు పోతోంది అన్నది.

మీరన్నట్టు గాలే సముద్రాన్ని వేడి చేస్తుంటే, సముద్రం వెచ్చగా ఉన్న కాలంలో వేడి గాలిలోంచి నీళ్లలోకి పోతూ ఉండాలి. ప్రవాహాలు వేడిని తెచ్చి పోస్తుంటే దానికి ఉల్టాగా, వెచ్చగా ఉన్నప్పుడు నీళ్లే గాలికి వేడి ఇస్తూ ఉండాలి. 1964లోనే బ్యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఊహించి చెప్పాడు, ఒకటి రెండేళ్ల మార్పులకి గాలి యజమాని, దశాబ్దాల మార్పులకి సముద్రం యజమాని అని. 2013లో గులెవ్ బృందం ఓడల రికార్డులతో, అంటే ఇంజిన్‌రూమ్ అన్న తాతల బకెట్లతోనే, లెక్కవేసి చూస్తే మధ్య అక్షాంశాల్లో సరిగ్గా అదే కనపడింది. పొట్టి కాలంలో గాలి ఇస్తుంది, పొడుగు కాలంలో నీళ్లు ఇస్తాయి. కదలని నీటిపొరలో ఇది రావడం కష్టం.

ఇంజిన్‌రూమ్:
తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు గాలా నీళ్లా అని కొట్టుకుంటున్నారు, పొగ సంగతి మర్చిపోయారు. 1970లో అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చేదాకా, యూరప్‌లో ఇంకా కొంత కాలం, ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి గంధకం పొగ అట్లాంటిక్ మీదకి పోయింది. ఆ పొగ ఎండని వెనక్కి కొడుతుంది, మబ్బుల్ని ఇంకా తెల్లగా చేస్తుంది. 1960ల నుంచి 80ల దాకా సముద్రం చల్లగా ఉన్నది అందుకే, పొగ తగ్గాక వేడెక్కింది అని 2012లో బ్రిటన్ హాడ్లీ సెంటర్ నుంచి బూత్ వాళ్లు రాశారు. అదైతే బాబాయ్ గారి చక్రం ప్రకృతిది కాదు, మనదే.

నాకు ఇది పుస్తకం విషయం కాదు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5కి దిగాలని రూలు వచ్చింది. ఆ ముందు రెండు నెలలు ట్యాంకులు కడగడమే మా బతుకు. పాత నూనె తారులా ఉండేది, వేడి చేస్తే తప్ప పైపులో కదలదు, గొట్టం పక్కన నిలబడితే గొంతులో అగ్గిపుల్ల వాసన. అలాంటి పొగ వెనకాల సముద్రం మీద తెల్లటి మబ్బు గీత పడేది, శాటిలైట్ ఫోటోల్లో చూస్తే ఓడల దారులన్నీ ముగ్గులా కనపడేవి. ఇప్పుడు ఆ గీతలు బాగా తగ్గాయి. 2023లో ఉత్తర అట్లాంటిక్ రికార్డులన్నీ బద్దలు కొట్టడంలో దీని వాటా ఎంత అన్నది ఇంకా కొట్లాటలోనే ఉంది, నేను తీర్పు చెప్పను.

ఉప్పునీరు:
అన్నా, పొగ వాటా కొంత ఉందని నేనూ అంటాను. మొత్తం పొగదే అంటేనే పేచీ. బూత్ వాళ్ల మోడల్ పైనీళ్ల వేడిని బాగానే దించింది కానీ, లోతు నీళ్లలో దాచుకున్న వేడి, ఉత్తరాన ఉప్పదనం మారిన తీరు చూస్తే నిజంగా కొలిచినదానికి పొంతన లేదని మరుసటి ఏడాదే ప్రిన్స్‌టన్ నుంచి రాంగ్ జాంగ్ బృందం చూపించింది. పరీక్షలో జవాబు కరెక్టే, స్టెప్పులు తప్పు. మాస్టారు మార్కులు వేస్తారా?

లెక్కల_మాస్టారు:
నేనైతే స్టెప్పులకే వేస్తాను.

అగ్గికొండ:
రోజూ చదివి పోయేవాణ్ణే, ఇవాళ ఆగలేకపోయాను. అందరూ రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే మూటలో కడుతున్నారు. బాబాయ్ గారు "ప్రకృతి" అంటే "సముద్రం తనంతట తాను" అనుకుంటున్నారు. ఇంజిన్‌రూమ్ గారు "బయటి తోపు" అంటే "మనిషి పొగ" అనుకుంటున్నారు. మధ్యలో ఇంకొకటి ఉంది, ప్రకృతే కానీ సముద్రం కాదు. అగ్నిపర్వతాలు.

తేదీలు చూడండి. 1902లో గ్వాటెమాలాలో శాంటా మారియా, 1912లో అలాస్కాలో కాట్మై ప్రాంతం. ఆ కాలం అట్లాంటిక్ చల్లగా ఉంది. ఆ తర్వాత యాభై ఏళ్లు ఆ స్థాయిది పెద్దగా ఏదీ పేలలేదు, 1920ల చివర నుంచి 60ల మొదలు దాకా అట్లాంటిక్ వెచ్చగా ఉంది. 1963లో బాలిలో ఆగుంగ్, 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్, 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో. చల్లటి కాలం. పినటూబో తర్వాత ఆ స్థాయిలో గంధకం పైకి చిమ్మింది లేదు, 1995 నుంచి వేడి. నేను మొదటిసారి ఈ రెండు వరసలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

అసలు మలుపు ఇంకోటుంది. ఏఎంఓ అన్న పేరు 2000లో వాడుకలోకి రావడానికి కారణం వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మాన్. ఆయనే 2021లో బృందంతో కలిసి వెయ్యేళ్ల మోడళ్లు పరిశీలించి, ఇది సముద్రం సొంత ఊపు కాదు, పాత శతాబ్దాల్లో కనపడ్డ ఊపులు అగ్నిపర్వతాలు వరసగా పేలడం వల్ల వచ్చినవి, ఇటీవలివి మనిషి పొగ, వేడి వల్ల వచ్చినవి అని రాశారు. బారసాల చేసి పేరు పెట్టినాయనే వచ్చి అసలు బిడ్డే లేదన్నట్టు.

టాంపా_బాబాయ్:
అగ్గికొండ గారూ, బాగుంది కానీ పినటూబో దుమ్ము రెండు మూడేళ్లలో కిందకి దిగిపోతుందని నేనూ చదివాను. ఆగుంగ్‌కీ ఎల్ చిచోన్‌కీ మధ్య పంతొమ్మిదేళ్లు. ఆ పంతొమ్మిదేళ్లూ చలి ఎవరు కాపాడారు? చెట్ల వలయాల లెక్క తీసి 1567 నుంచి ఏఎంఓ గీసినవాళ్లు ఉన్నారు, అందులోనూ ఊపులు కనపడుతున్నాయిగా?

అగ్గికొండ:
చెట్ల వలయాల్లో ఊపు ఉంది బాబాయ్ గారూ, ఊపు ఎందుకొచ్చిందో చెట్టు చెప్పదు. పంతొమ్మిదేళ్ల ప్రశ్న మాత్రం గట్టిది. నా దగ్గరున్న జవాబు ఉప్పునీరు గారి దగ్గర అప్పు తెచ్చుకున్నదే. పేలుడు చలి పైనీళ్ల నుంచి లోతుకి దిగి, ఆ పెద్ద ప్రవాహం వేగాన్ని కదిలించి, ఏళ్ల తర్వాత బయటపడుతుంది అని కొందరి లెక్క. అంటే తోపు కొండది, ఊగడం సముద్రానిది.

ఉప్పునీరు:
అలా అంటే నాకు పేచీ లేదు. ఊయలకి తాడూ కావాలి, తోసే చెయ్యీ కావాలి. ఎవరి వాటా ఎంత అన్నదే మిగిలింది, అందులో ఒక్కో మోడల్ ఒక్కో మాట చెప్తోంది. నేను మాత్రం తాడు వైపే.

నల్లరేగడి:
అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లా, పత్తి, శనగ. ఇదంతా రెండు రోజులుగా చదువుతున్నా. అట్లాంటిక్ ఊగితే మా చేలో ఏమవుతుందో ఒక్కరు చెప్పండి చాలు.

ఉప్పునీరు:
అన్నా, సంబంధం ఉందన్నది కొత్త మాట కాదు. ఉత్తర అట్లాంటిక్ గాలుల ఊపుకి, నార్త్ అట్లాంటిక్ ఆసిలేషన్ అని, పేరు పెట్టింది గిల్బర్ట్ వాకర్. ఆయన 1904 నుంచి 1924 దాకా మన దేశంలో వాతావరణ శాఖ నడిపి, మన వానల్ని ముందే చెప్పాలని ప్రపంచమంతా వెతికిన మనిషి. 2006లో బెంగళూరు నుంచి గోస్వామి బృందం దారి చూపించింది. అట్లాంటిక్ వెచ్చగా ఉంటే యూరప్, ఆసియా మీద పైగాలి వెచ్చబడుతుంది, మన నైరుతి వెనక్కి పోవడం ఆలస్యమవుతుంది, సీజన్ సాగుతుంది, వాన పెరుగుతుంది. పాత లెక్కలు దీనికి సరిపోయాయి, 1930–60 మధ్య అక్కడ వెచ్చన, ఇక్కడ మొత్తం మీద మంచి వానలు.

నల్లరేగడి:
మరి 95 నుంచి అక్కడ వెచ్చగానే ఉందంటున్నారు. 2002లో మేము విత్తనం రెండుసార్లు కొన్నాం. దేశం మొత్తం మీద 19 శాతం తక్కువ. 2009లో 22 శాతం. ఇదేనా సాగిన సీజను?

ఉప్పునీరు:
ఇక్కడ నా దగ్గర మాట లేదన్నా. ఆ లంకె 95 తర్వాత సరిగ్గా పని చేయలేదు. హిందూ మహాసముద్రం వేడెక్కడం, మన మీద పొగ, ఎల్ నినోలు, ఇవన్నీ కలిసి దాన్ని కప్పేశాయని కొందరు. లంకె మొదటి నుంచీ బలహీనమేనని కొందరు. విత్తనం కొనేటప్పుడు అట్లాంటిక్‌ని చూడొద్దు, జూన్ బులెటిన్ చూడండి.

లెక్కల_మాస్టారు:
నల్లరేగడి గారు రెండు వాక్యాల్లో అడిగింది నేను రెండు పేజీల్లో అడగలేకపోయాను.

బాబాయ్ గారికి ఆఖరుగా ఒక లెక్క, ఎందుకంటే ఆయన డబ్బుతో ముడిపడింది. సముద్రం మొత్తంగా వేడెక్కుతోంది కాబట్టి ఊపు మాత్రమే విడిగా చూడాలంటే ముందు ఆ పెరుగుదలని తీసేయాలి. చాలాచోట్ల స్కేలు పెట్టి తిన్నగా ఒక ఏటవాలు గీత గీసి, దాన్ని తీసేస్తారు. కానీ పెరుగుదల తిన్నగా లేదు, 1970ల దాకా మెల్లగా, ఆ తర్వాత జోరుగా. వంగిన దాంట్లోంచి తిన్నటి గీత తీసేస్తే మధ్యలో గుంట, చివర్లో గుట్ట మిగులుతాయి. ఆ గుంటే మీ 1970ల చలి, ఆ గుట్టే మీ 1995 తర్వాతి వేడి, మొత్తం కాకపోయినా కొంత. 2006లో ట్రెన్‌బెర్త్, షియా అనే ఇద్దరు గీతకి బదులు ప్రపంచ సముద్రాల సగటునే తీసేసి చూశారు. 2005లో, కట్రీనా తుఫాన్ వచ్చిన ఏడాది, తుఫాన్లు పుట్టే అట్లాంటిక్ భాగం పాత సగటు కన్నా 0.9 డిగ్రీలు ఎక్కువుంది. అందులో దాదాపు సగం ప్రపంచమంతా ఉన్న వేడి, 0.2 దాకా ఎల్ నినో పుణ్యం. ఏఎంఓ వాటా 0.1 కన్నా తక్కువ.

అంటే రేపు మీ చల్లటి దశ నిజంగా వచ్చినా పోయేది ఆ కాస్తే. కింద నేల ఎత్తు పెరిగిపోయింది. ఊయల కిందికి వచ్చినా మీ 1970ల ఎత్తుకి రాదు.

ప్రభవ_విభవ:
మాస్టారూ, క్రోధి లెక్క నేను ఇంట్లో మళ్లీ వేసి చూశాను. సరే, అట్లాంటిక్‌ని వదిలేస్తున్నాను. ఉగాదిని వదలను.

టాంపా_బాబాయ్:
పక్కింటాయనకి ఇదంతా చెప్పాను, బకెట్ల కథతో సహా. ఆయన కాసేపు ఊరుకుని, 1992 కూడా ప్రశాంతమైన రోజుల్లోదే అన్నాడు. ఆ ఏడాది మొదటి తుఫాన్‌కి పేరు పెట్టడానికే ఆగస్టు దాకా పట్టింది. ఆ మొదటిదే ఆండ్రూ. మయామికి దక్షిణాన వాళ్ల అక్క ఇల్లు ఉండేదట, పొద్దున చూస్తే మెట్లు మిగిలాయట. మరి నాకెందుకు కంగారు పడకు అన్నావయ్యా అంటే, "నువ్వు కుర్చీలో అలా కూర్చున్నావు కదా, ఏదో ఒకటి చెప్పాలి కదా" అన్నాడు.

ప్రీమియం కట్టేశాను. ఫ్లడ్ పాలసీ వేరుగా తీసుకున్నాను, అది ఇంటి ఇన్సూరెన్స్‌లో కలిసి ఉండదని ఇక్కడి కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి. సముద్రం సొంతంగా కొంత ఊగుతుందనే నా నమ్మకం మాత్రం పోలేదు, ఉప్పునీరు చెప్పిన ఆ పద్నాలుగేళ్ల ఉప్పులేని ముద్ద నా మనసులోంచి పోవడం లేదు. 2041 అన్న తేదీ మాత్రం కొట్టేస్తున్నాను.

ఇంజిన్‌రూమ్:
బాబాయ్ గారూ, ఇప్పుడే వాచ్ దిగాను. పోర్చుగల్ దాటి పడమటికి వెళ్తున్నాం, మీ వైపే. కొత్తగా వచ్చిన ఫోర్త్ ఇంజినీర్ కుర్రాడు, కాకినాడవాడు, లాగ్‌బుక్‌లో నిన్నటిలాగే 22 రాయబోతుంటే ఆపి టార్చి ఇచ్చి కిందకి పంపాను. పావుగంటకి నూనె మరకలతో పైకి వచ్చి, "21న్నర సార్" అన్నాడు.